నిమిషం నిబంధన మనకేనా? రైలుకు లేదా?

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లను అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్తారు. దేశంలో తొలి ప్యాసింజర్ రైలు ఎప్పుడు నడిచింది? 1853 ఏప్రిల్ 16. ఎక్కడి నుంచి ఎక్కడికి? బోరిబందర్ నుంచి థానేకు, 34 కిలోమీటర్లు. దక్షిణ మధ్య రైల్వే ఎప్పుడు ఏర్పడింది? 1966 అక్టోబర్ 2. ఇలాంటివన్నీ మనకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. విద్యానగర్ స్టేషన్‌కు హైటెక్ సిటీ వైపు వెళ్లే తర్వాతి ఎంఎంటీఎస్ ఎన్ని గంటలకు వస్తుంది? ఇక్కడ చాలామంది మొహమొహాలు చూసుకుంటారు.

వాళ్లను తప్పుపట్టలేం. తెలుసుకుని మాత్రం ఏం లాభం అనిపించేలా ఆ రైలు నడుస్తోంది మరి.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ రూముల్లో ఉండేవాళ్లకు బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా వెళ్తే విద్యానగర్ స్టేషన్ దగ్గరే. నారాయణగూడ వైపు ఉంటే బర్కత్‌పురా దాటగానే కాచిగూడ. రెండూ ఫలక్‌నుమా - సికింద్రాబాద్ - లింగంపల్లి మార్గంలోనివే. ఈ మార్గంలో స్టేషన్ల పేర్లు ఒకసారి వరసగా చదవండి. కాచిగూడ తర్వాత విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ. మూడూ చదువు పేర్లే. అక్కడి నుంచి సీతాఫల్‌మండి, సికింద్రాబాద్, బేగంపేట, భరత్‌నగర్, బోరబండ దాటితే హైటెక్ సిటీ. ఆర్ట్స్ కాలేజీలో ఎక్కి హైటెక్ సిటీలో దిగడం! నిరుద్యోగి కల మొత్తాన్ని ఒకే లైన్లో గీసినట్టుంది. కనీస టికెట్ ఐదు రూపాయలు. ఈ నగరంలో ఐదు రూపాయలకు భోజనం తర్వాత దొరికేది ఇదొక్కటేనేమో.

అయినా మన నెల ఖర్చుల లెక్కలో ఈ రైలు ఉండదు. షేర్ ఆటో ఉంటుంది, మెట్రో ఉంటుంది, బైకున్న ఫ్రెండుకు కొట్టించే పెట్రోలు ఉంటుంది. ఎందుకంటే ఉద్యోగం వెతుక్కునేవాడికి టికెట్ చవకా కాదా అన్నదానికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. రైలు వస్తుందా, చెప్పిన టైముకు వస్తుందా అన్నది.

ఈ మాట ఆఫీసుకెళ్లేవాళ్లూ అంటారు. వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. ఆఫీసుకు ఇరవై నిమిషాలు లేటైతే మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు, అంతే. పరీక్షకు ఒక్క నిమిషం లేటైతే రెండేళ్ల చదువు గేటు బయటే ఉండిపోతుంది. 2024 జూన్ 9న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌నే తీసుకోండి. పరీక్ష పదిన్నరకు, గేటు మూసేది పదింటికి. ప్రతి పరీక్ష మర్నాడూ పేపర్లలో ఒక ఫొటో వస్తుంది. మూసిన గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తున్న అమ్మాయిదో, కానిస్టేబుల్‌కు దండం పెడుతున్న అబ్బాయిదో. నిబంధన ఉండొద్దని నేననడం లేదు, అందరికీ ఒకే గడియారం ఉండాల్సిందే. కానీ ఆ గడియారం అభ్యర్థి చేతికి మాత్రమే కట్టి, వాళ్లను మోసే ప్రభుత్వ రవాణాకు కట్టకపోతే ఎలా?

ఇంకో సంగతి. ఆ జూన్ 9 ఏ వారం? ఆదివారం. అంతకుముందు రద్దయిన గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న, మళ్లీ 2023 జూన్ 11న జరిగాయి. రెండూ ఆదివారాలే. 2024 డిసెంబర్ 15న మొదలైన గ్రూప్-2 కూడా ఆదివారమే. బ్యాంకు పరీక్షలు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పెడతారు. కాలేజీలు ఖాళీగా దొరికేది ఆ రోజుల్లోనే కాబట్టి అర్థం చేసుకోవచ్చు. మరి ట్రాక్ మరమ్మతులు ఉన్నాయంటూ ఎంఎంటీఎస్ సర్వీసులను గంపగుత్తగా రద్దు చేయడానికి రైల్వే తరచూ ఎంచుకునే రోజేది? అదీ ఆదివారమే! ఆఫీసులుండవు, రద్దీ ఉండదు, ఎవరికీ ఇబ్బంది లేదని వాళ్ల లెక్క. ఆ 'ఎవరికీ'లో హాల్ టికెట్ పట్టుకుని నిలబడ్డ మనం లేం. నగరం మొత్తం పడుకునే పూట మనకు జీవన్మరణ సమస్య అని ఏ టైంటేబుల్ కమిటీకీ తట్టినట్టు లేదు.

పరీక్ష కేంద్రాలు ఎక్కడ పడతాయో మీకు తెలియంది కాదు. నగరం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో. మేడ్చల్ వైపు, ఘట్‌కేసర్ వైపు, శంషాబాద్ దాటి. విచిత్రం ఏంటంటే ఎంఎంటీఎస్ రెండో దశ వెళ్లిందీ దాదాపు ఈ దిక్కులకే. 2012-13లో మంజూరైన ఈ దశకు మొదటి అంచనా సుమారు 817 కోట్లు. మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలి. వాటా మీరివ్వలేదంటే మీరివ్వలేదని ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ మీదుగా మేడ్చల్, ఉమ్దానగర్ సర్వీసులు, 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి సర్వీసు మొదలయ్యాయి. పట్టాలు పడ్డాయి, కరెంటు తీగలు వచ్చాయి, ప్రారంభోత్సవాలూ అయ్యాయి. సరిపడా రైళ్లే లేవు. మన నెత్తి మీదుగా ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా వేసిన స్టీల్ బ్రిడ్జి రెండుంపావు కిలోమీటర్లే. దానికి దాదాపు 450 కోట్లు దొరికాయి. కారున్నవాళ్లు అశోక్‌నగర్‌లో ఆగకుండా దాటిపోతున్నారు, సంతోషమే. కారు లేనివాళ్ల సంగతి కూడా అంత చురుగ్గా చూస్తే బాగుండేది.

రైల్వే వైపు మాట కూడా చెప్పుకోవాలి. ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్, గూడ్స్ నడిచే లైన్ల మీదే ఇదీ నడవాలి. దూరప్రాంతపు రైలు వస్తే లోకల్ పక్కకు జరగాల్సిందే. చెన్నైలో బీచ్ నుంచి తాంబరం దాకా 1931లోనే కరెంటు లోకల్ రైళ్లు మొదలయ్యాయి. వాటికి విడిగా పట్టాలున్నాయి కనుక అక్కడ పిల్లలు టైంటేబుల్ చూడరు. స్టేషన్‌కు వెళ్తే కాసేపట్లో ఏదో ఒక రైలు వస్తుందని నమ్మకం. మన దగ్గర 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు రాష్ట్రం, రైల్వే చెరి సగం పెట్టుకుని ఉన్న పట్టాల మీదే నడుపుదామనుకున్నారు. అది తెలివైన పనే, చవగ్గా అయింది. కానీ ఉన్నదాంతో సర్దుకోవడం అక్కడితోనే ఆగిపోయింది. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులుండేవి. 2020 మార్చిలో ఆగి, దాదాపు 15 నెలల తర్వాత 2021 జూన్ 23న మళ్లీ మొదలైనప్పుడు నడిపింది పదంటే పది. తర్వాత మెల్లగా పెంచారు గానీ, ఆ గ్యాప్‌లో చెదిరిపోయిన ప్రయాణికుల నమ్మకం తిరిగి రాలేదు. జనం రావట్లేదు కాబట్టి రైళ్లు తగ్గించాం అంటారు, రైళ్లు లేవు కాబట్టి జనం రారు. పిల్లి తన తోకను తానే తరుముకుంటున్నట్టుంది.

మెట్రో ఉంది కదా అనేవాళ్లున్నారు. ఉంది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ - ఎంజీబీఎస్ లైన్ వచ్చాక చిక్కడపల్లిలో, నారాయణగూడలో స్టేషన్లు మన గుమ్మంలోకే వచ్చాయి. ఏసీ, టైము, శుభ్రత, అన్నీ బాగున్నాయి. 2025 మేలో చార్జీలు పెంచి, గొడవయ్యాక పది శాతం తగ్గించారు. తగ్గించాక కూడా కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు. ఇంటి నుంచి నెలకు ఇంత అని డబ్బులు తెప్పించుకునేవాళ్లకు రానూపోనూ నూటముప్పై అంటే రెండు పూటల మెస్ భోజనం. పైగా మెట్రో మేడ్చల్ వెళ్లదు, ఘట్‌కేసర్ వెళ్లదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడపిల్లలకు ఫ్రీ. అది చాలా పెద్ద మేలు, ఎవరు కాదన్నా ఒప్పుకోను. కానీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో బస్సుకు ఫ్రీ దారి ఎవరిస్తారు?

రాయితీల దగ్గర మన పరిస్థితి ఇంకా వింత. కాలేజీలో ఉన్నంతకాలం స్టూడెంట్ సీజన్ టికెట్ సగం ధరకే వస్తుంది. కాలేజీ అయిపోయి కోచింగ్‌లో చేరితే మీరు స్టూడెంట్ కాదు, ఎందుకంటే కోచింగ్ సెంటర్ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ కాదు. ఉద్యోగీ కాదు. ఇంటర్వ్యూలకు వెళ్లే నిరుద్యోగులకు రైల్వేలో ఒకప్పుడు రాయితీ ఉండేది. 2020 మార్చిలో దివ్యాంగులు, రోగులు, విద్యార్థులకు మినహా మిగతా రాయితీలు ఆపేసినప్పుడు అదీ పోయింది. సీనియర్ సిటిజన్ల రాయితీ గురించి పార్లమెంటులో మాట్లాడారు, టీవీల్లో చర్చలు పెట్టారు. నిరుద్యోగుల రాయితీ పోయిన సంగతి నిరుద్యోగులకే తెలీదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం, సిలబస్‌లో పనికొచ్చేదే. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. నిజాం ఖర్చుతో బొంబాయి - మద్రాసు లైనుకు కలిపారు. ఆ తర్వాత రైల్వేను లండన్ కంపెనీ చేతికిచ్చి, వాళ్ల పెట్టుబడికి వడ్డీ నిజాం ఖజానా నుంచి గ్యారంటీ ఇచ్చేలా ఒక పథకం తయారైంది. చాందా రైల్వే స్కీం అన్నారు దాన్ని. 1883లో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్లు ఆ పథకం వివరాలు జనం ముందు పెట్టమని అడిగారు. అఘోరనాథ్ అంటే సరోజినీ నాయుడు తండ్రి, ఎడిన్‌బరోలో డాక్టరేట్ తెచ్చుకుని వచ్చిన కాలేజీ ప్రిన్సిపాల్. లెక్కలు చెప్పమన్నందుకు ఆయన్ను పదవి నుంచి తప్పించి, హైదరాబాద్ రాజ్యం నుంచే పంపించేశారు. తర్వాతి రోజుల్లో మళ్లీ పిలిచారనుకోండి. పథకం ఆగలేదు, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోని ఆ 'గ్యారంటీ' అదే. రైల్వేను ప్రభుత్వం తిరిగి సొంతం చేసుకోవడానికి 1930 దాకా పట్టింది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు చూసి సెల్ఫీలు దిగుతాం కదా, అది ఆ కంపెనీ కాలానిదే. హైదరాబాద్‌లో ప్రజా సమస్య మీద చదువుకున్నవాళ్లు గొంతెత్తిన తొలి సందర్భాల్లో ఒకటి రైలు గురించే అన్నది నాకు ఎప్పుడూ ఆసక్తిగా ఉంటుంది.

మనం అడగాల్సింది అంత పెద్దదేం కాదు. నియామక పరీక్షల తేదీలు నెలల ముందే తెలుస్తాయి. ఆ ఆదివారాల్లో ట్రాక్ పనులు పెట్టొద్దు, వేరే వారానికి జరపండి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య మేడ్చల్, ఘట్‌కేసర్, లింగంపల్లి వైపు రెండేసి రైళ్లు అదనంగా నడపండి. హాల్ టికెట్ చూపిస్తే ఆ రోజుకు టికెట్ అడక్కండి. ఇదంతా కుదరదని అనడానికి లేదు. గణేశ్ నిమజ్జనం రాత్రి తెల్లవార్లూ ప్రత్యేక ఎంఎంటీఎస్‌లు నడుపుతున్నది ఈ రైల్వేనే. వినాయకుడిని సాగనంపి ఇంటికెళ్లేవాళ్లకు చేసింది, పరీక్షకు వెళ్లేవాళ్లకు చేయలేరా? ఇక రోజువారీ సంగతికొస్తే, చిక్కడపల్లి మెట్రో నుంచి విద్యానగర్ స్టేషన్ దాకా రైలు టైములకు కలిసేలా ఒక చిన్న బస్సు తిప్పినా సగం బాధ తీరుతుంది.

అంతవరకూ మీ జాగ్రత్త మీది. కేంద్రం దూరమైతే ముందురోజు సాయంత్రమే ఒకసారి వెళ్లి రండి. ఆదివారం రైలును నమ్ముకునేముందు శనివారం పేపర్లో రద్దయిన సర్వీసుల జాబితా చూడండి. టికెట్ ఫోన్లో రైల్‌వన్ యాప్‌లోనే తీసుకోవచ్చు, క్యూ తప్పుతుంది. రైలు కాకపోతే ఏం ఎక్కాలో ముందే అనుకుని ఉండండి.

అడగడం ఎలా అంటారా? సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 6 దరఖాస్తు గురించి, సెక్షన్ 7 ముప్పై రోజుల గడువు గురించి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఏ టేబుల్ దగ్గర అడిగినా చెప్తారు. ఎంసీక్యూలో టిక్ పెట్టడానికి చదివిన ఆ సెక్షన్లను ఒక్కసారి వాడి చూడండి. గత ఏడాది ఏయే ఆదివారాల్లో ఎన్ని ఎంఎంటీఎస్ సర్వీసులు రద్దు చేశారు, అందులో నియామక పరీక్షలున్న ఆదివారాలు ఎన్ని, రద్దు చేసేముందు పరీక్షల షెడ్యూల్ చూశారా. ఈ మూడు ప్రశ్నలు చాలు. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. నేరుగా ఇవ్వాలనుకుంటే దక్షిణ మధ్య రైల్వే కార్యాలయం రైల్ నిలయం సికింద్రాబాద్‌లోనే ఉంది.