పన్ను కడతాం, దండుగ కట్టం

మా వాకిట్లో ట్రాలీ ఆటో వచ్చి ఆగినప్పుడు నేను ఒక జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. ముగ్గురు దిగారు. ఒకతని చేతిలో పుస్తకం ఉంది. మిగతా ఇద్దరి చేతులూ ఖాళీ. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఐదు నిమిషాల్లోనే తెలిసింది.

"ఇంటి పన్ను మూడేండ్లది బాకీ ఉన్నదమ్మా. ఇప్పుడు కడ్తవా, మిషన్ ఎక్కియ్యమంటవా?"

"నాలుగు రోజులు టైమియ్యున్రి సారూ, పైసలు జమ చేసుకొని నేనే వస్త" అన్నాను. సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉంది. దాన్ని తీసుకోనివ్వకుండానే కుట్టుమిషన్ ఎత్తి ఆటోలో పెట్టారు. వాడకట్టంతా చూసింది. వారెంటు ఏదని అడగాలని నాకు అప్పుడు తెలియదు. సామాను తీసుకుపోతున్నట్టు కాగితం మీద రాసివ్వమని అడగాలనీ తెలియదు. తెలిసిందల్లా సిగ్గుతో తల వంచుకోవడమే.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఒక ఊరి సంగతని పక్కన పెట్టేసేది కాదిది. మర్నాడు చెవి కమ్మలు కుదవపెట్టి ఆఫీసుకు పోయాను. అసలు 3,600, దాని మీద వడ్డీ 1,224. మొత్తం 4,824 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. మిషన్ ఇవ్వమంటే ఇంకో లెక్క చెప్పారు. ఆటో కిరాయి 300, మోసిన కూలీలకు 400, జప్తు ఫీజు 200. ఈ 900 కూడా కడితేనే మిషన్ ఇస్తామన్నారు. కట్టాను. దీనికి రసీదు అడిగితే "దీనికి రసీదు ఉండదమ్మా" అన్నారు.

నా కోపం పన్ను మీద కాదు. వీధి దీపం వెలగాలి, మోరీ తీయాలి, నల్లా నీళ్లు రావాలి. వీటికి డబ్బు కావాలని ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. నీళ్లు రాని రోజు బిందె పట్టుకుని తిరిగేది మనమే. నేను అడుగుతున్నది రెండు సంగతులు. ఒకటి ఆ వడ్డీ, రెండోది ఆ రసీదు లేని 900.

ముందు వడ్డీ సంగతి చూద్దాం. ఇంటి పన్ను గడువు దాటితే నెలకు నూటికి రెండు రూపాయలు పడుతుంది. మన భాషలో దీన్ని రెండు రూపాయల వడ్డీ అంటాం. ఏడాదికి నూటికి 24. యాభై నెలలు గడిస్తే వడ్డీయే అసలంత అవుతుంది. పొదుపు సంఘాల్లో చేరినప్పుడు మనకు మొదట నేర్పింది ఏమిటి? రెండు రూపాయలు, మూడు రూపాయలు గుంజే షావుకారు దగ్గరికి పోవద్దని. అందుకోసమే 2004లో పావలా వడ్డీ పథకం తెచ్చారు. 2012లో వడ్డీ లేని రుణాలన్నారు. అదే సర్కారు మనకు అప్పిచ్చేటప్పుడు పావలా అంటుంది, మన దగ్గర వసూలు చేసేటప్పుడు రెండు రూపాయలంటుంది. షావుకారు వడ్డీ తప్పయితే మున్సిపాలిటీ పుస్తకంలోకి ఎక్కగానే అది ఒప్పెట్లా అయింది?

వడ్డీ మాఫీ కూడా ఇచ్చాం కదా అంటారు. నిజమే. 2022లో పాత బకాయిల వడ్డీలో నూటికి 90 వంతులు మాఫీ చేశారు. కానీ షరతు ఏమిటి? అసలు మొత్తం, మిగిలిన పది వంతుల వడ్డీ ఒకేసారి కట్టాలి. ఒకేసారి కట్టగలిగినవాళ్లు ఎవరు? బీడీల కూలి వచ్చిన వారం రెండు వందలు, కండెలు చుట్టిన పైసలు వచ్చిన వారం మూడు వందలు పక్కకు పెట్టే ఆడమనిషికి ఆ మాఫీ అందలేదు. ఏళ్ల తరబడి వేలకు వేలు ఆపి, మాఫీ వచ్చేదాకా చూసే పెద్ద మేడల వాళ్లకే ఎక్కువ లాభం.

ఇక ఆ 900 సంగతి. మన రాజ్యాంగంలో 265వ అధికరణం ఒక్క వాక్యమే. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని దాని అర్థం. వేసేదే కాదు, వసూలు చేసేది కూడా చట్టం ప్రకారమే ఉండాలి. ఇది తెలిశాక నేను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. జప్తు ఫీజు ఎంత, ఏ నిబంధన ప్రకారం, నా దగ్గర తీసుకున్న 900 ఏ పద్దులో జమ అయిందని మూడు ప్రశ్నలు వేశాను. నెల లోపల జవాబు వచ్చింది. అటువంటి జమ తమ రికార్డుల్లో లేదట. అంటే నా కమ్మల పైసలు సర్కారుకు కూడా పోలేదన్నమాట! వారం తిరక్కుండా ఒకతను మా ఇంటికి వచ్చి, 900 చేతిలో పెడతాను, ఫిర్యాదు లేదని సంతకం చేయమన్నాడు. నేను చేయలేదు. ఆ డబ్బు నాకు కావాలి. కానీ దొంగచాటుగా తీసుకున్నది దొంగచాటుగానే తిరిగి వస్తే రేపు ఇంకో అక్క దగ్గర తీసుకోరని ఏమిటి నమ్మకం?

మామూలు అప్పుల కేసులో కోర్టు డిక్రీ అయ్యాక వచ్చే అమీనుకు చట్టం ఎన్ని హద్దులు పెట్టిందో చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంట గిన్నెలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీది నుంచి తీయకూడని నగలు, చేతిపని వాళ్ల పనిముట్లు జప్తు చేయరాదు. 62వ సెక్షన్ ప్రకారం పొద్దు గూకిన తర్వాత, పొద్దు పొడవక ముందు ఇంట్లో అడుగు పెట్టరాదు. 56వ సెక్షన్ ప్రకారం డబ్బు బాకీ డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయరాదు. జడ్జి సంతకంతో వచ్చేవాడికే ఇన్ని హద్దులుంటే, బిల్లు పుస్తకంతో వచ్చేవాడు నా బతుకు తెరువైన మిషన్ ఎట్లా ఎత్తుకుపోతాడు? మున్సిపాలిటీకి పన్ను బాకీ కింద సామాను జప్తు చేసే అధికారం ఉంటే ఉండవచ్చు. అధికారం ఉండటం వేరు, హద్దు లేకపోవటం వేరు.

బ్రిటన్‌లో కౌన్సిల్ పన్ను బాకీలకు బేలిఫ్‌లు వస్తారు. అక్కడ 2014లో వాళ్ల ఫీజులు చట్టంలో రాసి పెట్టారు. కేసు చేతికి రాగానే 75 పౌండ్లు, ఇంటి తలుపు తట్టితే 235, సామాను అమ్మకానికి తీస్తే 110 అని. చిన్న బాకీ మీద ఇంత ఫీజా అని అక్కడి పేదలూ మండిపడుతున్నారు, వాళ్ల మంట న్యాయమైనదే. కానీ అంకె కాగితం మీద ఉంది కాబట్టి అది అన్యాయమని కొట్లాడటానికి వీలయింది. మన దగ్గర అంకె ఆ పూట వచ్చినతని నోట్లో ఉంటుంది. ఆటో నిండితే ఒక ధర, నిండకపోతే ఒక ధర.

నేను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆడవాళ్ల మీటింగులకు పోతుంటాను. నా మిషన్ కథ చెప్పగానే ఎవరి కథ వాళ్లు బయటికి తీస్తారు. అవి ఎక్కువగా ఫైనాన్సు వాళ్ల కథలు. కోరుట్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆమె గడపలోనే కిస్తీ అడిగేవాడు కూర్చుంటాడు. కిస్తీతో పాటు తాను వచ్చిపోయినందుకు చార్జీ అంటాడు. సిరిసిల్లలో సాంచెలు ఆగిన నెలలో కూడా కిస్తీ ఆగదు, ఆలస్యం మీద ఆలస్యం రుసుము పడుతుంది. ఒక అక్క అన్న మాట నాకు మరుపు రాదు. "అసలు ఎంతనో మా ఇంటాయనకు ఎరుక, వడ్డీ ఎంతనో ఫైనాన్సోనికి ఎరుక, తిట్లు ఎన్నో నాకు ఎరుక."

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు ఆత్మహత్యల తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. అసలును మించి వడ్డీ తీసుకోరాదని అందులో రాశారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. ఇప్పుడు ఆ కంపెనీలకు రిజర్వు బ్యాంకు నిబంధనలే దిక్కు. వాటి ప్రకారం చిన్న అప్పుల వసూలుకు పొద్దున 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు. జరిమానా వేస్తే గడువు దాటిన కిస్తీ మీదే వేయాలి గానీ మొత్తం అప్పు మీద కాదు. ప్రైవేటు కంపెనీకి పెట్టిన ఈ పాటి నియమం సర్కారు తన మనుషులకూ పెట్టుకోవాలని అడగటం గొంతెమ్మ కోరికా?

ఇట్లా పట్టుబట్టకపోతే మార్చిలో వసూళ్లు కావని ఆఫీసుల్లో అంటారు. సర్కారు ఆఫీసులే మున్సిపాలిటీలకు పన్ను బాకీ పడ్డాయని పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఆ ఆఫీసుల కుర్చీలు ట్రాలీ ఎక్కాయని ఎప్పుడైనా విన్నామా? జప్తు బాకీ ఎంతని చూసి రావటం లేదు, అడ్డం నిలబడే మనిషి లేని ఇల్లు చూసి వస్తున్నది. మగదిక్కు లేని ఇల్లు, మొగుడు దుబాయిలో ఉన్న ఇల్లు, ముసలవ్వ ఒక్కతే ఉన్న ఇల్లు.

ఈ నేలకు దండుగ అనే మాట కొత్త కాదు. దొరలు ఇష్టం వచ్చినట్టు వేసిన దండుగలను వాపసు కక్కించిన ప్రాంతం ఇది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన వాళ్లలో కొందరు ఇప్పుడు అవ్వలయ్యారు. చట్టంలో లేనిది బలంతో వసూలు చేస్తే దాని పేరు దండుగే. గడీలో వసూలు చేసినా, కౌంటరు దగ్గర వసూలు చేసినా పేరు మారదు.

అందుకని మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఇంటి పన్ను వడ్డీ తగ్గించాలి, అది ఎన్నటికీ అసలును మించరాదు. వారం వారం, నెల నెలా కిస్తీలుగా కట్టుకునే వీలుండాలి, అట్లా కట్టే వాళ్లకూ మాఫీ రావాలి. జప్తు ఖర్చు ఎంతో ప్రతి వార్డులో తెలుగులో బోర్డు రాసి పెట్టాలి. కుట్టుమిషన్, సాంచె, బీడీ చాట, వంట గిన్నెల జోలికి రాకూడదు.

అవి వచ్చేదాకా మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వచ్చిన మనిషి పేరు, గుర్తింపు కార్డు అడగండి. వారెంటు చూపమనండి. ఎత్తిన ప్రతి సామాను జాబితా రాయించుకుని సంతకం తీసుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, తెల్లకార్డు వాళ్లకు దానికి ఫీజు లేదు. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోండి, ఒక్కరు కాకుండా పదిమంది పోండి. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు.

నా మిషన్ ఇంటికి తిరిగి వచ్చింది. 900 ఇంకా రాలేదు, దాని మీద నా అర్జీ నడుస్తూనే ఉంది. ఆ రోజు వాడకట్టంతా చూసిందన్నాను కదా. వాళ్లను తప్పు పట్టను, నేనూ అంతకు ముందు ఇంకొకరి ఇంటి ముందు అట్లాగే నిలబడి చూశాను. మార్చి నెల మళ్లీ వస్తుంది. ఈసారి ఎవరింటి ముందు ఆటో ఆగినా, నలుగురం పోయి వాళ్ల గడపలో కూర్చుందాం. కాగితం చూపించమందాం.