ఒక్క క్రెడిట్టు బాకీ

రెండవ పి.యు.సి. ఫలితములు వెలువడి, సి.ఇ.టి. ర్యాంకులకై ఎదురుచూచు దినములు వచ్చినవన్న, మన నగర్తపేటలో గాని, చిక్కపేట, కబ్బన్‌పేటలలో గాని ఏ తెలుగువారి గడపకు పోయినను వినబడు మాట ఒక్కటే: “మా వాడికి కంప్యూటర్ సైన్సు సీటు వచ్చునా?” సీటు వచ్చిననాడు మిఠాయి పంచుదురు, బంధువులకు కబురు పంపుదురు. ఆ సీటు నాలుగేండ్లకు పట్టముగ మారుటకు ఏమేమి కావలెనో ముందుగ విచారించిన తండ్రులను మాత్రము మేము ఒకరిద్దరిని మించి చూడలేదు.

క్రిందటి యేడు మన వీధివారే యొకరు కుమారుని వెంటబెట్టుకొని సంఘ కార్యాలయమునకు వచ్చిరి. పిల్లవాడు తెలివిగలవాడు. ప్రోగ్రామింగులో మంచి మార్కులు తెచ్చుకొన్నాడు. ఉద్యోగపు ఉత్తరువు కూడ చేతికి వచ్చినది. కాని పాఠ్యాంశము లన్నియు ఉత్తీర్ణమైనగాని ఉద్యోగములో చేర్చుకొనమని కంపెనీవారు చెప్పిరి. మిగిలిన బాకీ ఒక్క క్రెడిట్టు. అది కన్నడ పాఠము. “మా తాతల కాలంనుంచీ ఈ పేటలోనే ఉన్నామయ్యా, అంగట్లో పొద్దస్తమానం కన్నడమే మాట్లాడుతాము. మావాడు కన్నడంలో తప్పినాడని నలుగురికి ఎట్ల చెప్పుకునేది?” అని ఆ తండ్రి వాపోయెను. పిల్లవాడు కన్నడము ధారాళముగ మాటాడును, చదువలేడు. పాఠశాలలో హిందీని, సంస్కృతమును తీసికొన్నాడు. కళాశాలలో మొదటి యేడు, “ఒక్క క్రెడిట్టే గదా, తరువాత చూచుకొందము” అని వదలినాడు. ఆ ‘తరువాత’ నాలుగవ యేటి చివరకు వచ్చినది.

రాష్ట్రములోని ఇంజనీరింగు కళాశాలలలో అధికభాగము, 1998లో బెళగావి కేంద్రముగ నేర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. దాని 2022 నాటి పాఠ్యప్రణాళికలో బి.ఇ. పట్టమునకు 160 క్రెడిట్లు విధింపబడినవి. 2018 నాటి ప్రణాళికలో ఇవి 175. సెమిస్టరు పొడవున వారమునకొక గంట పాఠము విన్న ఒక క్రెడిట్టు; ప్రయోగశాలలో రెండు గంటల పని చేసిన ఒక క్రెడిట్టు. భారము తగ్గినదని సంతోషింప నక్కరలేదు. మొత్తము కూడిక చాలదు, ప్రతి పాఠ్యాంశమును విడివిడిగ గట్టెక్కవలెను. తరగతిలో సాగు నిరంతర పరీక్షలకు 50 మార్కులు, సెమిస్టరు చివరి పరీక్షకు 50. మొదటిదానిలో 20, రెండవదానిలో 18, రెండును కలిసి 40 వచ్చినగాని అది ఉత్తీర్ణము గాదు. ఒకదానిలో విశేషముగ వచ్చిన మార్కులు మరియొకదాని లోటును పూడ్చవు.

హాజరు నూటికి 85 ఉండవలెను. ఈ మాట పిల్లలకంటె పెద్దలకే చెప్పవలసి యున్నది. వరమహాలక్ష్మీ వ్రతము మొదలు దీపావళి దాక బేరముల ఒత్తిడిలో కుమారుని గల్లాపెట్టె వద్ద కూర్చుండబెట్టు అలవాటు మన పేటలో పాతది. పూర్వము బి.కాం. చదువు పిల్లవానికి అది చెల్లినదేమో. ప్రయోగశాలకు పోవలసిన దినమున అంగడిలో కూర్చున్నవానికి ఆ ప్రయోగము మరల రాదు. హాజరు చాలనివానిని పరీక్షకే కూర్చుండనీయరు.

మరియొక నిబంధన తలిదండ్రుల చెవిని పడినట్లే లేదు. మొదటి యేడు చేరిన విద్యార్థి, పట్టము లోపల 100 కార్యకలాపముల పాయింట్లు సంపాదింపవలెను. ఇవి సమాజసేవకు సంబంధించినవి. మార్కుల సగటులో చేరవు, కాని ఇవి లేనిది పట్టము చేతికి రాదు. డబ్బిచ్చి సర్టిఫికెట్లు తెచ్చుకొను మార్గములు కొందరు వెదకుచున్నారని వినుచున్నాము. ఈ పేటలో చదువు చెప్పించుకొనలేని కూలివారి పిల్లలు ఎందరో యున్నారు. కళాశాలవారి అనుమతితో వారికి సాయంకాలము లెక్కలు చెప్పిన పని జరుగును, పాయింటును వచ్చును.

ఇక ఆ చదువు ఎట్టిది? మన పేటను ఆనుకొనియే సాదర్ పత్రప్ప రోడ్డున్నది. యెస్.పి. రోడ్డన్న బెంగుళూరిలో కంప్యూటరు సామానుల అంగడి వీధియని అందరు నెరుగుదురు. మన పిల్లలు మీసములు రాకముందే అక్కడ విడిభాగములు కొని యంత్రమును కూర్చుట నేర్చుచున్నారు. అది మెచ్చదగిన నేర్పే. అయితే దానినే కంప్యూటర్ సైన్సు అనుకొనుట వలన మొదటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగులుచున్నది. ఆ శాస్త్రమునకు పునాది గణితము. కలన గణితము, సంభావ్యత, వివిక్త గణితము. దత్తాంశములను ఏ అమరికలో నిలిపిన త్వరగ వెదకవచ్చును, ఒక లెక్క చేయుటకు ఎన్ని అడుగులు పట్టును, ఏ లెక్క యంత్రమునకు ఎన్నటికిని సాధ్యము గాదు అను విచారణ. ఇవియే నాలుగేండ్ల చదువునకు వెన్నెముక. చివర ప్రాజెక్టు, నెలల తరబడి ఇంటర్న్‌షిప్పు. తెర, మీటల పలక, తీగెలు అందులో చాల చిన్న భాగము. గణితమన్న గిట్టని పిల్లవానిని, పొరుగింటివాడు చేరినాడని ఈ శాఖలో చేర్పించుట వానికి చేయు ఉపకారము గాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1958లో గిండీ కళాశాలలో తీసికొన్న పట్టము సివిల్ ఇంజనీరింగు. 1994లో వారికి కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగు బహుమానము లభించినది. శాఖ దొరకలేదని ఏడ్చు ఇండ్లలో ఈ సంగతి చెప్పదగును.

ప్రవేశమును గూర్చి రెండు మాటలు చాలును. భౌతికశాస్త్రము, గణితము తప్పనిసరి. సి.ఇ.టి. ర్యాంకులో సగము పాలు పి.యు.సి. మార్కులది, కోచింగును నమ్మి పి.యు.సి.ని అశ్రద్ధ చేయరాదు. భాషా అల్పసంఖ్యాకుల సీటు దొరికిన దొరకవచ్చును గాని, అది ద్వారమునకు మాత్రమే. లోపల 160 క్రెడిట్లు అందరికిని సమానమే.

ఇప్పుడు ఆ ఒక్క క్రెడిట్టు సంగతి. విశ్వవిద్యాలయము రెండు కన్నడ పాఠముల నేర్పరచినది. కన్నడము మాటాడ, చదువ, వ్రాయ నేర్చినవారికి ‘సాంస్కృతిక కన్నడ’. రానివారికి ‘బళకె కన్నడ’. మొదటిదానిలో వచనములు, కీర్తనలు, డి.వి.జి. గారి కగ్గములు నున్నవి. రెండవది వాడుక మాటలు నేర్పునది. దశమశ్రేణి వరకు కన్నడము చదివిన మన పిల్లలే కొందరు “మేము తెలుగువారము” అని రెండవదానిలో పేరు వ్రాయించుకొనుచున్నారు. తెలుగువారమగుట ఇట్టి తావున అక్కరకు తెచ్చుకొను సాకు గారాదు. నిజముగ రానివాడు బళకె కన్నడమునకు పోవుట న్యాయమే. అదియు అశ్రద్ధ చేయక పోవలెను.

మా మాటను అపార్థము చేసికొనవలదు. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషను వ్యాజ్యములో సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని తీర్పు చెప్పినది. ఆంధ్రలోను తెలంగాణములోను అధికసంఖ్యాకులైన మనము ఇక్కడ అల్పసంఖ్యాకులము. విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కు రాజ్యాంగములోని 30వ అధికరణము మన కిచ్చినది. ఆ హక్కును మేము ఒక వీసమైనను వదలుకొనము. 2021లో రాష్ట్ర ప్రభుత్వము డిగ్రీ కళాశాలలలో కన్నడమును నిర్బంధము చేయగ, ఇష్టము లేనివారిని ఒత్తిడి చేయరాదని ఆ డిసెంబరులో హైకోర్టు మధ్యంతరముగ నాదేశించినది. బలవంతము తప్పనుటలో మేమును ఏకీభవింతుము. కాని నాలుగు తరములుగ ఈ ఊరి నీరు త్రాగుచున్న కుటుంబములో పుట్టి, ఈ ఊరి వీధి పలకను చదువలేనివాడు ఏ న్యాయస్థానమునకు పోయి ఏమి గెలుచును?

మన పూర్వులలో ఒక్కరిని తలచుకొందము. మోక్షగుండము విశ్వేశ్వరయ్య గారి పూర్వులు ఆంధ్రదేశములోని మోక్షగుండము నుండి వచ్చి ముద్దేనహళ్లిలో స్థిరపడినవారు. ఇంటి పేరు తెలుగు ఊరిది, జన్మభూమి కన్నడసీమ. పిల్లలకు పాఠములు చెప్పి ఆ రాబడితో చదివి 1881లో ఇక్కడి సెంట్రల్ కళాశాలనుండి బి.ఏ. పట్టము పొందిరి. 1917లో వారు నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల కె.ఆర్. సర్కిలు వద్ద, మన పేటనుండి నడచి పోదగిన దూరములో నేటికిని ఉన్నది. నేడు మన పిల్లల పట్టములపై నుండు పేరు వారిది. ‘సాంస్కృతిక కన్నడ’ పాఠములలో వారిని గూర్చిన వ్యాసమును ఒకటి యున్నది. దానిని చదువలేక తెలుగు పిల్లవాడు తప్పుట చూడ మనకు సిగ్గుగ నుండవలదా?

అందులోను కష్టమెంత? రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలు. తలకట్టు తీరు మారును. క, త, శ వంటి కొన్ని యక్షరములు వేరు. తక్కినవి చాలవరకు చూడగనే గుర్తుపట్టదగినవి. తెలుగు చదువ వచ్చినవానికి కన్నడము చదువుట కొన్ని వారముల పని. చిక్కెక్కడ ననగా, మన పిల్లలకు తెలుగక్షరములును రావు. మనము ఇంట తెలుగు నేర్పకపోవుట వలన వారికి కన్నడమును దూరమైనది.

కావున సంఘ కార్యవర్గమునకు మా సూచన యిది. పి.యు.సి. పరీక్షలు ముగిసి కళాశాలలు తెరచుటకు నడుమ కొన్ని నెలల వ్యవధి యుండును. ఆ వ్యవధిలో, ప్రతి సాయంకాలము ఒక గంట, మొదట తెలుగు లిపిని, తరువాత కన్నడ లిపిని నేర్పు తరగతి యొకటి సంఘ భవనములో నడుపవలెను. నేర్పుటకు మన పేటలోనే పదవి విరమించిన ఉపాధ్యాయులున్నారు. క్రిందటి యేడు బాకీ పడిన ఆ పిల్లవాడు మరల పరీక్ష వ్రాసి గట్టెక్కినాడు. చిన్నవారికి అక్షరములు దిద్దించుటకు తాను వత్తునని తనంతట తానే చెప్పినాడు. కార్యవర్గము ఒప్పుకొన్న వెంటనే పేర్లు వ్రాసికొనుట మొదలగును. తలిదండ్రులు పిల్లలను పంపునపుడు పలకయు బలపమును కొనిపెట్టుట మరువకుందురు గాక.