కుడతినిని అడగాల్సింది ఎప్పుడు?

బళ్లారి నుంచి హోసపేట వైపు వెళ్తుంటే తోరణగల్లుకు ముందు వచ్చే ఊరు కుడతిని. ఊరి పక్కనే 1,700 మెగావాట్ల బళ్లారి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇంకాస్త ముందుకు పోతే జిందాల్ ఉక్కు కర్మాగారం. నైరుతిన సండూరు ఇనుప కొండలు. ఇంత నిర్మాణం జరిగే చోట రాయి కావాలి, కంకర కావాలి. పెద్ద ఫ్యాక్టరీ వస్తుందంటే పత్రికలు రాస్తాయి, పార్టీలు జెండాలు పట్టుకొస్తాయి. అదే ఏదో ఒక గుట్ట మీద పదెకరాల రాతి క్వారీకి ఎవరో దరఖాస్తు పెడితే, మొదటి పేలుడు వినపడేదాకా ఊళ్లో చాలామందికి సంగతే తెలియదు. ఈ వ్యాసం ఆ పదెకరాల గురించి.

ఊరికి తెలియకపోవడం కేవలం అధికారుల అలసత్వం కాదు, నిబంధనే అలా ఉంది. 2006 సెప్టెంబరు 14న కేంద్రం తెచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో ఐదు హెక్టార్ల లోపు గనులకు అసలు పర్యావరణ అనుమతే అక్కర్లేదు. ఐదు హెక్టార్లంటే పన్నెండెకరాల పైచిలుకు. దాంతో ఏం జరిగిందో హరియాణాలో తేలింది. అక్కడి ప్రభుత్వం బండలు, గులక, ఇసుక క్వారీలను 4.5 హెక్టార్లు మించని ముక్కలుగా వేలానికి పెట్టింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసి, చిన్న లీజుకైనా అనుమతి తప్పదంది. 2016 జనవరిలో కేంద్రం ఇంకో దారి తెరిచింది. చిన్న క్వారీల అనుమతులు జిల్లాస్థాయి సంస్థల చేతికి వచ్చాయి, 25 హెక్టార్ల దాకా ప్రజాభిప్రాయ సేకరణ ఎగిరిపోయింది. 2018 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టి, ఐదు హెక్టార్లు దాటితే జనాన్ని అడగాల్సిందేనంది. ఇంత జరిగాక కూడా కింది గీత అక్కడే ఉంది. పదెకరాల క్వారీ ఒంటరిగా ఉంటే ఊరిని అడగనక్కర్లేదు. 500 మీటర్ల లోపున్న పక్క లీజులతో కలిపి చూసినప్పుడు ఐదు హెక్టార్లు మించితేనే అడగాలి.

పదెకరాల్లో పేల్చే జిలెటిన్‌కీ పాతికెకరాల్లో పేల్చే జిలెటిన్‌కీ తేడా ఏముంది? 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పొట్టకూటి కోసం ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఆలూరు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోనిదే. 2021 జనవరి 21న శివమొగ్గ దగ్గర హుణసోడులో, నెల తిరగ్గానే చిక్కబళ్లాపురం దగ్గర హిరేనాగవల్లిలో క్వారీ పేలుడు పదార్థాలు మళ్లీ ప్రాణాలు తీశాయి. ఇవి కళ్లకు కనబడే చావులు. గోడలు బీటలు వారడం, జొన్నచేల మీద తెల్లదుమ్ము పేరుకోవడం, బోర్లలో నీరు కిందికి దిగిపోవడం నెమ్మదిగా జరిగే నష్టాలు. వాటిని లెక్కగట్టగలిగింది ఆ ఊరివాళ్లే.

సరే, ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోటైనా పరిస్థితి ఎలా ఉంది? కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఒకటి జాతీయ పత్రికలో, ఒకటి ప్రాంతీయ భాషా పత్రికలో. జిల్లాధికారి గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో సారాంశం రాసి అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకాలు.

ఇలాంటి సభకు ఒక్కసారి వెళ్లినవారికైనా ఆ దృశ్యం గుర్తుంటుంది. షామియానా, ముందు వరసల్లో కంపెనీ తెచ్చిన మనుషులు, బల్ల మీద రిజిస్టరు, చుట్టూ పోలీసులు. వందల పేజీల నివేదిక ఇంగ్లిష్‌లో, దాని సారాంశం కన్నడలో. బళ్లారి జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ ఉన్న కుటుంబాలు ఎన్నో. బడికి పోని పెద్దవాళ్లకు తమ మాట రిజిస్టరులోకి ఎలా ఎక్కిందో చదివి సరిచూసుకునే వీలుండదు. అందుకే చదివి వినిపించాలన్న ఆ ఒక్క నిబంధనను గట్టిగా పట్టుకోవాలి. వినిపించకుండా సంతకాలు పెడితే అక్కడే లేచి నిలబడి అడగాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. పదిమంది మాట్లాడినా సభ జరిగినట్టే. అభ్యంతరాలకు కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి, నిపుణుల కమిటీ చూడాలి. కానీ ఊరు మొత్తం వద్దన్నా అనుమతి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. అడగడం తప్పనిసరి, వినడం మాత్రం అనుమతి ఇచ్చేవాళ్ల ఇష్టం.

మాటకు విలువ ఇచ్చిన చట్టమూ ఈ దేశంలోనే ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టులో జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ రంజన్ గొగోయ్‌ల ధర్మాసనం ఒకే రోజు రెండు తీర్పులు చెప్పింది. ఒకటి ఒడిశా నియమగిరి మీద. బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ ఏడాది ఆగస్టు దాటేలోపే పన్నెండు గ్రామసభలు వద్దన్నాయి, గని రాలేదు. రెండోది బళ్లారి మీద. అక్రమ తవ్వకాల తీవ్రతను బట్టి లీజులను ఏ, బీ, సీ వర్గాలుగా విడదీసి, సీ వర్గం లీజులను రద్దు చేసింది, మిగతావాటికి షరతులు పెట్టింది. గొప్ప తీర్పే. కానీ దాని వెనుక ఉన్నది కేంద్ర సాధికార కమిటీ సర్వేలు, నిపుణుల ప్రణాళికలు. సండూరులో, కుడతినిలో ఏ ఊరినీ ఓటు అడగలేదు. నియమగిరి డోంగ్రియా కోంధులకు ఐదో షెడ్యూలు, అటవీ హక్కుల చట్టం అండగా ఉన్నాయి. మైదానంలోని కుడతినికి ఆ రక్షణ లేదు. పైగా కుడతిని ఇప్పుడు పట్టణ పంచాయతీ కాబట్టి గ్రామసభ అన్న వేదిక కూడా చేజారింది.

అడగకుండా తీసుకున్న నిర్ణయం ఎంతకాలం వెంటాడుతుందో కుడతినికి బాగా తెలుసు. 2010లో ఆర్సెలర్ మిట్టల్ ఏటా 60 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారానికి ఒప్పందం చేసుకుంది. కుడతిని, హరగినదోణి చుట్టుపక్కల వేలాది ఎకరాలు కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి ద్వారా సేకరించారు. కర్మాగారం రాలేదు, ఉద్యోగాలు రాలేదు. న్యాయమైన ధర కోసం, ఉపాధి కోసం రైతులు 2022 డిసెంబరులో కుడతినిలో ధర్నాకు కూర్చున్నారు. సంవత్సరాలు గడిచినా వాళ్లు లేవలేదు. పక్క జిల్లా కొప్పళలో 2025 ఫిబ్రవరి 24న ఉక్కు కర్మాగారం విస్తరణకు వ్యతిరేకంగా గవిమఠం స్వామీజీ పిలుపుతో పట్టణం కదిలింది. ఆ తర్వాత గానీ ముఖ్యమంత్రి పనులు ఆపమనలేదు. పదెకరాల క్వారీ కోసం ఏ మఠమూ రోడ్డెక్కదు.

ఇంకో నష్టం ఉంది, దాన్ని డబ్బుతో పూడ్చలేం. బళ్లారి దగ్గర సంగనకల్లు–కుప్పగల్లు గుట్టల మీద నవీన శిలాయుగపు మనుషులు బండల మీద మూపురం ఎద్దుల బొమ్మలు చెక్కారు. నల్లని డోలరైట్ బండలు కొన్నింటి మీద నున్నగా అరిగిన గుంటలున్నాయి. గులకరాయితో అక్కడ కొడితే గంట కొట్టినట్టు మోగుతాయి. 1892లో ఫాసెట్ అనే బ్రిటిష్ అధికారి వాటి గురించి రాశాడు. 2004లో పరిశోధకులు మళ్లీ రాస్తూ, గ్రానైట్ తవ్వకాలు ఆ గుట్టను తినేస్తున్నాయని హెచ్చరించారు. కుడతిని పక్కన కూడా ఆ కాలపు పేడ కాలిన బూడిద దిబ్బ ఉంది. లీజు మ్యాపులో ఇవన్నీ ఒట్టి సర్వే నంబర్లు. ఏ బండ మోగుతుందో, ఏ గుట్ట కింద ఊట ఉందో చెప్పగలిగేది గొర్లు కాసేవాళ్లు, చేను దున్నేవాళ్లు. అందుకే వాళ్లను అడగాల్సింది లీజు ఇవ్వకముందు.

దానికి ఒక తలుపు చట్టంలోనే ఉంది, ఎవరూ పెద్దగా తట్టడం లేదు. 2016 నోటిఫికేషన్ ప్రకారం ప్రతి జిల్లాకూ చిన్న ఖనిజాల సర్వే నివేదిక ఉండాలి. ఎక్కడ తవ్వవచ్చు, ఎక్కడ కూడదు అన్నది అందులోనే తేలాలి. ముసాయిదాను 21 రోజులు ప్రజల ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలి, ఐదేళ్లకోసారి సవరించాలి. ఈ నివేదిక తప్పనిసరని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఐదు హెక్టార్ల గీత ఇక్కడ అడ్డురాదు. పదెకరాల గుట్ట అయినా ఈ పట్టికలోకి ఎక్కాకే లీజు దాకా వస్తుంది. మరి ఆ 21 రోజులూ ముసాయిదా జిల్లా వెబ్‌సైట్‌లో ఏ మూలో పడి ఉంటే కుడతినికి ఒరిగేదేమిటి?

కాబట్టి కుడతిని పట్టణ పంచాయతీ తీర్మానం చేసి జిల్లాధికారిని అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ముసాయిదా ప్రతి పంచాయతీ ఆఫీసులో కన్నడలో, తెలుగులో పెట్టాలి. ఊరి పరిధిలోని సర్వే నంబర్లను వార్డువారీగా గోడ మీద అంటించి దండోరా వేయించాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కారణంతో సహా రాతపూర్వక జవాబు ఇవ్వాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లాధికారి సర్క్యులర్ ఒకటి చాలు. తర్వాతి సవరణ ముసాయిదా ఏ తేదీన బయటికి వస్తుందో గనుల శాఖను రాతపూర్వకంగా అడిగే పని మాత్రం ఊరివాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి.