కూతురికి బీరువా, కొడుకుకు జాగా

ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్న అన్నాచెల్లెళ్లు ఇరవై ఏళ్లు గడిచేసరికి వేర్వేరు అంతస్తుల్లో ఎందుకుంటున్నారు? నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఇది. ధనిక, పేద తేడా అనగానే మన చూపు పక్క బస్తీలోని మేడ మీదికి పోతుంది. కాని ఆ తేడా మన గడప లోపలే మొదలవుతోంది. అన్నకు ఇల్లు, జాగా దక్కుతున్నాయి. చెల్లెలికి బీరువా, మంచం, గిన్నెలు. ఆమెతో పాటు అల్లుడికి మోటారు సైకిలు.

కుటుంబ జీవితంపై ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధనల్లో కొన్ని మన పాలమూరు నేల మీదే జరిగాయన్నది చాలామందికి తెలియదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామాలను ఎంచుకుంది. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాల పంట, కూలి, అప్పు, తిండి లెక్కలను ఏళ్ల తరబడి రాసిపెట్టింది. ఇక్రిశాట్ గ్రామాల లెక్కలను పరిశీలించిన మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఆర్థికవేత్తలు 1989లో ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టారు. మెట్ట ప్రాంతపు రైతులు కూతుళ్లను దూరపు ఊళ్లలోని బంధువర్గంలోకి ఇవ్వడం వెనుక ఒక ఆర్థిక కారణం కూడా ఉంది. ఇక్కడ వాన తప్పితే అక్కడ పడవచ్చు. అక్కడి వియ్యంకుడు ఇక్కడి ఇంటిని ఆదుకుంటాడు. రాబడి నిలకడ లేని కుటుంబాలే కూతుళ్లను మరింత దూరం ఇస్తున్నాయని కూడా వారు గమనించారు.

ఆ ఊళ్లలో హిందూ కుటుంబాలే ఎక్కువ. అయితే కరువుకు మతం లేదు. ఖాందాన్‌లో సంబంధాలు కలుపుకునే మన అలవాటులోనూ ఈ ఆలోచన ఉండే ఉంటుంది. అంటే కరువు సీమలో కుటుంబానికి భీమా లాంటిది ఆడపిల్ల. రెండు ఇళ్లను నిలబెట్టే ఆ వంతెనకు మాత్రం రెండు ఇళ్లలోనూ తనదంటూ ఒక గోడ లేదు!

ఇప్పుడు ఆ భీమా కూడా అప్పుగా మారిపోయింది. నల్లగొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోని 36 గ్రామాల కుటుంబాలపై అనిరుధ్ కృష్ణ చేసిన అధ్యయనం 2006లో ప్రచురితమయింది. పాతికేళ్ల కాలంలో నూటికి 14 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 కుటుంబాలు కొత్తగా పేదరికంలో పడ్డాయి. ఒకరు గట్టెక్కుతుంటే దాదాపు మరొకరు మునుగుతున్నారన్నమాట. మునిగిన వారిని ముంచినవేమిటి? రోగాల ఖర్చు, పెళ్లిళ్లు కట్నాల ఖర్చు, అధిక వడ్డీ అప్పులు. వీటిలో రోగం మన చేతిలో లేదు. పెళ్లి ఖర్చు పూర్తిగా మన చేతిలోనే ఉంది.

2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభాలో ముస్లింలు నూటికి సుమారు ఎనిమిది మంది, నల్లగొండలో సుమారు అయిదుగురు. వారిలో పండ్ల బండి, మెకానిక్ షెడ్డు, దర్జీ దుకాణం, ఆటో మీద బతికే కుటుంబాలు ఎన్నో. అలాంటి తండ్రి వడ్డీకి తెచ్చి జహేజ్ ఇస్తున్నాడు. ఆ సొమ్ము ఎక్కడికి పోతోంది? షాదీఖానా అద్దెకు, బిర్యానీ దేగ్‌లకు, పెట్టిన మర్నాటి నుంచే విలువ తరిగిపోయే సామానుకు. పదేళ్లలో బీరువా తుప్పు పడుతుంది. అదే పదేళ్లలో జాగా ధర పెరుగుతుంది. బెంగుళూరు రహదారి మీది షాద్‌నగర్, జడ్చర్లల చుట్టూ, విజయవాడ రహదారి మీది చౌటుప్పల్ చుట్టూ భూముల ధరలు ఎన్ని రెట్లు పెరిగాయో అందరూ చూశారు. ఆ పెరుగుదల అంతా ఎవరి పేరున కాగితం ఉందో వారికే దక్కింది. అన్నాచెల్లెళ్ల మధ్య అగాధం ఇలా తవ్వుకున్నదే.

నిజానికి మన షరీఅత్‌లో ఈ అగాధానికి చోటు లేదు. తల్లిదండ్రులు విడిచి వెళ్లిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకూ నిర్ణీత వాటా ఉందని సూరయె నిసా స్పష్టం చేస్తోంది. లెక్క చూడండి. ఒక వ్యక్తి ఎకరం జాగా విడిచి కన్నుమూశాడనుకుందాం. అతని తల్లిదండ్రులు లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు తీర్చాక, అందులో భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే, 40 గుంటలు మిగిలాయి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 గుంటలు. మిగిలిన 35 గుంటల్లో కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7. గుంట అంటే 121 చదరపు గజాలు. చిన్న ఇల్లు కట్టుకోవడానికి ఒక్క గుంట చాలు. మరి ఏడు గుంటల హక్కుదారు అద్దె గదిలో ఎందుకుంటోంది?

'పెళ్లికి అంత ఖర్చు పెట్టాం, ఇంకా వాటా ఏమిటి?' అంటారు. జహేజ్ ఇచ్చినంత మాత్రాన విరాసత్ చెల్లిపోదు. తండ్రి బతికుండగా చేసిన ఖర్చు వేరు, ఆయన పోయాక పుట్టే హక్కు వేరు. 'చెల్లెలే మాఫ్ చేసింది' అని కూడా అంటారు. ఎలా చేసింది? వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందని, రేపు భర్త వదిలేసినా, పోయినా తలదాచుకునే చోటు ఉండదని భయపడి చేసింది. భయంతో వదులుకున్న హక్కు, మనస్ఫూర్తిగా ఇచ్చిన కానుక ఎలా అవుతుంది?

సొంత గోడ స్త్రీకి ఇచ్చేది డబ్బు మాత్రమే కాదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లు, భూమి రెండూ లేని వివాహితల్లో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నవారే. రెండూ ఉన్నవారిలో అలాంటివారు 7 శాతం. పోవడానికి చోటున్న స్త్రీ మీద చేయి లేవడం కష్టమని దీని అర్థం.

ప్రభుత్వం వైపు నుంచి కొంత సాయం ఉంది. 2014లో 51,000 రూపాయలతో మొదలయిన షాదీ ముబారక్ 2018కి 1,00,116 రూపాయలయింది. 2024లో ప్రారంభమయిన ఇందిరమ్మ ఇళ్ల పథకం అయిదు లక్షల సాయాన్ని ఇల్లాలి పేరు మీద ఇవ్వాలంటోంది. కాని తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే అవకాశమిచ్చారు. వాటా దక్కని స్త్రీ ఇక్కడా వెనుకబడుతుంది. పుట్టింటి నుంచి గుంట వస్తే సర్కారు నుంచి ఇల్లు వస్తుంది. గుంట రాకపోతే రెండూ రావు.

కాబట్టి చేయవలసింది కఠినమేమీ కాదు. జహేజ్ కోసం దాచిన సొమ్ముతో కూతురి పేరున చిన్న ప్లాటు కొనండి. మహర్‌ను సియాహాలో రాసి వదిలేయకుండా నికాహ్ రోజునే చేతికివ్వండి. ఇంటి పెద్ద పోయిన తర్వాత బంధువులంతా కూడినప్పుడే, మసీదు పెద్దల సమక్షంలో వాటాలు లెక్కగట్టి కాగితం మీద పెట్టండి. ఇమాములు జుమా ప్రసంగాల్లో జహేజ్‌ను ఖండించి ఊరుకోక, విరాసత్ లెక్కను కూడా వివరించాలి. కట్నం వద్దని చెప్పడం సగం మాటే. వాటా ఇవ్వమని చెబితేనే ఆ మాట పూర్తవుతుంది.

సోదరులారా! చెల్లెలు అడగదు. అడగలేదు కదా అని ఆమె హక్కు మన హక్కయిపోదు. ఆమె అడగకముందే ఇచ్చిన అన్నే అన్న.