గుర్రం కడుపులో మన పుణ్యం

మొన్నామధ్య టీవీలో ఒక జ్యోతిష్కుడు చెప్తున్నాడు. ఏలినాటి శని నడుస్తున్నవాళ్లు శనివారం పొద్దున్నే నల్ల గుర్రానికి నానబెట్టిన శనగలూ బెల్లమూ తినిపిస్తే పీడ విరగడవుతుందట. దాని కాలి నాడాతో ఉంగరం చేయించి నడిమి వేలికి పెట్టుకుంటే ఇంకా మంచిదట. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నేను వెతకబోవడం లేదు. భయం ఉన్నచోట ఇలాంటివి పుడుతూనే ఉంటాయి. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, అరగంట సేపు గుర్రం గురించి మాట్లాడిన ఆ మనిషి దాని కడుపు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

గుర్రం వాంతి చేసుకోలేదు. అంత ఒంటికి దాని పొట్ట పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అందుకే అది రోజంతా కొద్దికొద్దిగా గడ్డి మేస్తూ ఉంటుంది. ఆ గడ్డిని అరిగించేవి పెద్దపేగుల్లోని సూక్ష్మజీవులు. అలవాటు లేని గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే, అరగని పిండిపదార్థం అక్కడికి దిగి పులుస్తుంది. గ్యాసు పట్టి శూల వస్తుంది. కొన్నిసార్లు గిట్టలోని ఎముకను పట్టి ఉంచే పొరలు వాచి, జీవితాంతం కుంటుతుంది. భక్తుడు పెట్టేది గుప్పెడే. గుడి ముందు ఎంతమంది నిలబడతారో చూడండి మరి.

శూల వచ్చిన గుర్రాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. మా పక్కవీధిలో ఉండేది, బరాత్‌లకు తిప్పే తెల్ల ఆడగుర్రం. మే నెల. ముందురోజు రాత్రి తారురోడ్డు మీద, డీజే హోరులో, జరీ గుడ్డలు కప్పుకుని గంటల తరబడి నిలబడింది. పెళ్లివారు ముచ్చటపడి లడ్డూలు పెట్టారు, శనగలు పెట్టారు. ఎండాకాలంలో ఆ జీవికి రోజుకు 40, 50 లీటర్ల నీళ్లు కావాలి. చెమటతో పోయిన ఉప్పూ తిరిగి అందాలి. ఒక్క బక్కెట్ నీళ్లు పెట్టినవాడు లేడు. తెల్లవారేసరికి మాటిమాటికీ మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. ముందుకాలితో నేల గీరింది, పడుకుంది, లేచింది, మళ్లీ పడి దొర్లింది. పశువైద్యుణ్ణి పిలుద్దామంటే, దిష్టి తగిలిందని ఒకాయన నిమ్మకాయ తిప్పాడు. ఇంకొకాయన వాతలు పెట్టాలన్నాడు. పెట్టారు. ఎర్రగా కాల్చిన కడ్డీ డొక్కకు ఆనించినప్పుడు లేచిన వెంట్రుకల కమురు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. పేగులో నొప్పికి తోలు కాల్చడం వైద్యం ఎలా అవుతుంది? సాయంత్రానికి గుర్రం చనిపోయింది. దాని రాత అంతే అన్నారు. రాత కాదు. చేతులారా చంపారు.

గుర్రాన్ని కొనే దగ్గరే ఈ మూర్ఖత్వం మొదలవుతుంది. మార్వాడీ గుర్రాన్ని కొనేవాళ్లు ముందు సుడులు చూస్తారు. మెడ మీద పొడుగు సుడి ఉంటే దేవమణి అంటారు, అది శుభం. కంటి కింద సుడి ఉంటే ఏడుపు తెస్తుందని వదిలేస్తారు. నల్ల రంగు అశుభమనీ అంటారు. అశుభమన్న ఆ గుర్రం కాలి ఇనుమే మళ్లీ శని నుంచి కాపాడుతుందంటారు! సుడి అంటే వెంట్రుకలు మొలిచిన తీరు, అంతకుమించి ఏమీ లేదు. వయసు లెక్కకు తప్ప నోరు తెరిచి చూడరు. దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గలు కోసుకుపోతే గుర్రం మేత నమలలేదు, ఎంత పెట్టినా చిక్కిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. వానాకాలంలో పేడా ఉచ్చా కలిసిన బురదలో నిలబెడితే గిట్ట అడుగు కుళ్లుతుంది. బూజు పట్టిన గడ్డి పనికిరాదు. జోరీగలు కుట్టి సర్రా జబ్బు అంటిస్తాయి, రక్తపరీక్ష చేయించి మందు వేయించాలి. వీటిలో దేనికీ జ్యోతిష్కుడి అవసరం లేదు.

మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలో 13వ శతాబ్దంలోనే పాండ్యుల సీమ గుర్రాల సంగతి రాశాడు. ఓడల మీద వేలకొద్దీ తెప్పించేవారట, సాకడం చేతకాక ఏడాది తిరిగేసరికి వందైనా మిగిలేవి కావట. చచ్చేకొద్దీ కొత్తవి అమ్ముడుపోతాయని, నాడాలు కొట్టి వైద్యం చేసేవాళ్లను వర్తకులు ఈ దేశానికి రానిచ్చేవారు కాదట. అప్పుడు తెలివి రాకుండా అడ్డుపడినవాడు వర్తకుడు. ఇప్పుడు తెలివి చేతికందే దూరంలో ఉంది, పశువైద్యశాల ఉంది, ఫోనుంది. అయినా నిమ్మకాయ తిప్పుతున్నాం.

వాతలు పెట్టినవాళ్ల మీద ఫిర్యాదు చేద్దామని చట్టం తిరగేశాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ సెక్షను మార్చాలి. అంతవరకూ, గుర్రాన్ని మాట్లాడుకునే పెళ్లివారు బేరంలోనే అడగండి: నీళ్లెక్కడ పెడతారు, మధ్యలో ఎంతసేపు నీడన కట్టేస్తారు, గడ్డి ఎప్పుడు వేస్తారు అని. జవాబు లేకపోతే కారులో ఊరేగండి.