వేవిళ్లకు సూదుల వైద్యమా?



వేవిళ్లతో బాధపడే తల్లులు ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చునా అని కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. చైనా దేశంలో పుట్టిన ఈ వైద్యంలో మందు లేని సన్నని సూదులను శరీరంలో కొన్ని చోట్ల గుచ్చుతారు. వేవిళ్లకు వాడే చోటు ముంజేతి లోపలివైపు, మణికట్టు గీతకు మూడు వేళ్ల పైన, రెండు గట్టి నరాల నడుమ ఉంటుంది. సూది లేకుండా ఆ చోటును బొటనవేలితో కొద్దిసేపు నొక్కి చూడవచ్చు. కొందరికి ఉపశమనం కలుగుతుంది, అందరికీ కాదు. హాని మాత్రం లేదు.

సూదులే వేయించుకోదలిస్తే శిక్షణ పొందినవారి దగ్గరకే వెళ్లండి. గర్భవతినని ముందే చెప్పండి. చీలమండకు పైన లోపలివైపు, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న చోట్లను నెలలు నిండకముందు సాధారణంగా ముట్టరు. ఒకరికి వాడిన సూదివల్ల మరొకరికి హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి. సోకవచ్చు. కొత్త సూది కవరును మీ కళ్లముందే విప్పమనండి.

అత్తమామలకు, భర్తలకు మా మనవి ఒక్కటే. మంచినీళ్లు కూడా కడుపులో నిలవక, మూత్రం తగ్గి రంగు ముదిరితే, కళ్లు తిరుగుతుంటే, "వేవిళ్లే కదా" అని ఊరుకోవద్దు. ఆ దినమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అప్పుడు ఆమెకు సెలైన్ అవసరం కావచ్చు. ఒంట్లోంచి పోయిన నీటిని ఏ సూదీ తిరిగి ఇవ్వలేదు.