పాత ఇటుకకు కొత్త కొలువు

పిల్లలూ!

పాత ఇంటిని పడగొట్టటం మీరెప్పుడైనా చూశారా? దుమ్ము లేస్తూ ఉంటుంది. మేస్త్రీ ద్వారబంధాలూ, దూలాలూ, వాసాలూ జాగ్రత్తగా ఊడదీయించి ఒక పక్కన పేర్పిస్తాడు. వాటిని కొనేవాళ్ళు ముందే వచ్చి కూర్చుంటారు. తాతగారి ఇంటి టేకు తలుపులు మనమడి కొత్త ఇంటికి రావటం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. కాని ఇటుకలూ, పెంకులూ మాత్రం చాలాచోట్ల బండి కెక్కి ఊరి బయట గుంటలో పడతాయి.

అవి నిజంగా పనికిరానివేనా? కాదని కట్టి చూపించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పేరు లారీ బేకర్.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. భవన నిర్మాణం చదువుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చైనాలో రోగులకు సేవచేసి, స్వదేశం వెళ్ళే ఓడ కోసం బొంబాయిలో ఆగాడు. అక్కడ గాంధీగారిని కలిశాడు. ఇంటికి కావలసిన సరుకు ఆ చోటికి అయిదు మైళ్ళ లోపలే దొరకాలని గాంధీగారు చెప్పిన మాట ఆయన మనసులో నాటుకున్నది. 1945లో ఆయన పని చెయ్యటానికి మన దేశం వచ్చాడు. హిమాలయాలలోని పితోరాగఢ్‌లో చాలాకాలం ఉండి, తరువాత కేరళ చేరాడు. తిరువనంతపురంలో తన ఇల్లు తానే కట్టుకుని, 2007లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 1990లో మన ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

పాత సామాను కుప్పలంటే బేకర్‌కు ప్రాణం. వాటిలో వెదికి తలుపులూ, కిటికీ చట్రాలూ ఏరి తెచ్చేవాడు. తిరువనంతపురం దగ్గర 1970లలో ఆయన కట్టిన చిత్రలేఖ ఫిల్మ్ స్టూడియోకు చక్కని చెక్కడపు పనిగల ప్రవేశద్వారం అలా దొరికిందే.

పాత ఇటుకకు అంత విలువ ఎందుకు? ఇటుక చెయ్యటానికి పొలంలోని మంచి మట్టి తవ్వాలి, బట్టీలో కాల్చాలి. సిమెంటు కోసం సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చాలి. అప్పుడు బొగ్గు పొగే కాక, ఆ రాయిలోనుంచి కూడా బొగ్గుపులుసు వాయువు బయటికి వచ్చి గాలిలో కలుస్తుంది. అది భూమిని వేడెక్కించే వాయువు. పాత ఇటుకను కాల్చటం ఏనాడో అయిపోయింది. దాన్ని మళ్ళీ వాడితే కొత్త బట్టీ అంటించే పని అంత మేరకు తగ్గినట్టే.

ఉన్నవాటిని పొదుపుగా వాడటం కూడా బేకర్‌కు తెలుసు. గోడలో ఇటుకలను మామూలుగా పడుకోబెట్టి పేరుస్తారు గదా! ఆయన అంచు మీద నిలబెట్టించేవాడు. ఇంట్లో ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు తీసుకోండి. రెంటిని ఎదురెదురుగా, కాస్త ఎడంగా, పొడుగాటి అంచు మీద నిలబెట్టండి. ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి అడ్డంగా నిలబెట్టండి. మధ్యలో ఖాళీ గది ఏర్పడింది, చూశారా? దీనికి ‘ఎలుకబోను కట్టు’ అని పేరు. తొమ్మిది అంగుళాల గోడలో ఇటు మూడంగుళాల ఇటుక, అటు మూడంగుళాల ఇటుక, నడుమ మూడంగుళాల గాలి. సుమారు పావువంతు ఇటుకలు మిగులుతాయి. నిలిచిపోయిన గాలిలోంచి వేడి త్వరగా దాటదు గనక గది చల్లగా కూడా ఉంటుంది.

“మరి విరిగిన పెంకులు?” అంటారా? అవి కప్పులోకి వెళ్ళాయి! మెత్తని స్పాంజి ముక్క పక్కన సిరాతో నిలువు గీతలు గీయండి. రెండు పుస్తకాల మీద వంతెనలాగా పెట్టి నడుమ నొక్కండి. గీతలు పైన దగ్గరవుతాయి, కింద ఎడమవుతాయి. శ్లాబు మీద బరువు పడినా ఇంతే. పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. నలిగే బరువును కాంక్రీటు బాగా మోస్తుంది. సాగే చోట పని చేసేవి ఇనుప కడ్డీలే. కనుక కడ్డీల నడుమ, కిందిభాగంలో, పారేసిన మంగుళూరు పెంకులు పెట్టించాడు. కాంక్రీటు తగ్గింది, కప్పు బరువు తగ్గింది. అయితే ఏ పెంకు ఎక్కడ ఉండాలో ఇంజనీరు లెక్కకట్టి చెప్పాలి సుమా!

ఇక పెద్దలకు ఒక మాట. గానుగ సున్నంతో కట్టిన పాత గోడను విప్పితే ఇటుక శుభ్రంగా ఊడివస్తుంది. గట్టి సిమెంటుతో కట్టినది ఊడేలోపల ఇటుకే విరుగుతుంది. అంటే ఈనాడు మనం కట్టే పద్ధతిని బట్టే మన మనమలకు ఇటుకలు మిగలటమో, రాళ్ళగుట్ట మిగలటమో జరుగుతుంది.

పాతదల్లా మంచిదని కూడా అనుకోకూడదు. రెండు ఇటుకలను తాకిస్తే ఖంగుమనాలి. బొద్దుగా మోగితే పక్కన పెట్టండి. చెదపట్టిన దూలం, తుప్పు తిన్న కడ్డీ బరువు మోయలేవు. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చు. వాటిని కోసినా, పగలగొట్టినా ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పాత రంగులలో సీసం ఉండవచ్చు. గీకి దుమ్ము చెయ్యకూడదు. పిల్లలు ఒంటరిగా శిథిలాలలోకి వెళ్ళనే కూడదు.

ఈ నెల మీ పని ఇది. ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడిగి, మన ఇంట్లో ఏ తలుపు, ఏ దూలం, ఏ బండ పాత ఇంటినుంచి వచ్చిందో తెలుసుకోండి. నోటు పుస్తకంలో దాని బొమ్మ గీసి, ఎంత వయసో, ఎన్ని ఇళ్ళు చూసిందో కింద రాయండి. అటువంటిది ఒక్కటీ లేకపోతే, పారెయ్యబోతున్న వస్తువును ఒకదాన్ని ఎంచి, దానికి ఇంకా ఏ పని చేసే శక్తి ఉన్నదో ఆలోచించి రాయండి. బడికి తీసుకువెళ్ళి మీ మాస్టారుకు చూపించండి.